పేనుబంక, దానిలో పెరిగే బదనిక కందిరీగలు, వాటి శాస్త్రీయ నామాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో పత్తి, వేరుశనగ, బత్తాయి, కూరగాయలు పండించే రైతులు, జంతుశాస్త్రం చదివే డిగ్రీ విద్యార్థులు, వ్యవసాయ విస్తరణాధికారులు పేనుబంక గురించి తరచుగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాను. మందుల చిట్టా కోసం వచ్చినవారికి ఇక్కడ దొరికేది తక్కువే. ఈ పురుగు ఏది, దాన్ని లోపలి నుంచి తినే బదనిక పురుగు ఏది, వాటికి పేర్లు ఎవరు పెడతారు, ఆ పేర్లు ఎందుకు మారుతుంటాయి అన్నవే ఇక్కడి విషయాలు.

పేనుబంకకూ తలలోని పేనుకూ ఏమైనా చుట్టరికం ఉందా?

లేదు. తలపేను రక్తం పీల్చే పురుగు, అది వేరే క్రమానికి చెందినది. పేనుబంక హెమిప్టెరా క్రమంలోనిది. సూదిలాంటి నోటిని మొక్క పోషక కణజాలంలోకి దింపి రసం పీలుస్తుంది. తెల్లదోమ, పిండినల్లి దీనికి దగ్గరి బంధువులు, పత్తిలో కనిపించే పచ్చదోమ కొంచెం దూరపు బంధువు. పేనుబంకలన్నీ ఏఫిడిడే అనే కుటుంబంలోకి వస్తాయి, ప్రపంచం మొత్తం మీద వీటిలో సుమారు 5,000 జాతులను గుర్తించారు.

పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం చేతిలో ఉంటే పేనుబంకను గుర్తుపట్టడం కష్టం కాదు. వెనుక భాగంలో, వీపు మీద ఒక జత చిన్న గొట్టాలు నిలబడి ఉంటాయి. బంక ఈ గొట్టాల నుంచే కారుతుందని చాలామంది నమ్ముతారు, పాత పాఠ్యపుస్తకాల్లో కూడా అలా కనిపిస్తుంది. నిజానికి గొట్టాల నుంచి వచ్చేది చిక్కటి మైనపు ద్రవం. శత్రువు పట్టుకున్నప్పుడు దాన్ని వదిలి తోటి పురుగులను హెచ్చరిస్తుంది. ఆకుల మీద మెరిసే తీపి బంక మాత్రం మలద్వారం నుంచి వచ్చేదే. మొక్క రసంలో చక్కెర ఎక్కువ, నత్రజని తక్కువ కాబట్టి తనకు కావలసినంత నత్రజని దక్కాలంటే అది రసాన్ని అదే పనిగా పీల్చాలి, మిగులు చక్కెరను బయటికి వదలాలి. చీమలు వచ్చేది ఆ చక్కెర కోసమే, ఆకుల మీద నల్లటి మసి బూజు పెరిగేదీ దాని మీదే.

మా చేలల్లో కనిపించే పేనుబంక ఒకటేనా, చాలా రకాలా?

చాలా జాతులున్నాయి. పత్తి, బెండ, వంకాయ, దోస, పుచ్చ మీద కనిపించేది ఎక్కువగా ఏఫిస్ గాసిపై. రంగును చూసి దీన్ని నమ్మడానికి లేదు: చల్లని రోజుల్లో ముదురు ఆకుపచ్చగా, ఒక్కోసారి దాదాపు నల్లగా ఉంటుంది, ఎండలు ముదిరి గుంపు ఎక్కువైనప్పుడు అదే జాతి పురుగు చిన్నదిగా, లేత పసుపు రంగులో పుడుతుంది. ఒకే ఆకు మీద రెండు రంగులు కనిపిస్తే రెండు జాతులు ఉన్నాయని అనుకోవద్దు. గొట్టాలు మాత్రం ఏ రంగు పురుగులోనైనా నల్లగానే ఉంటాయి.

వేరుశనగ, బొబ్బర్లు, అనుములు, మినుము వంటి పప్పుజాతి పంటల కొమ్మల చివర్లలో గుత్తులుగా పట్టేది ఏఫిస్ క్రాసివోరా. ఎదిగిన పురుగు నల్లగా నిగనిగలాడుతుంది, పిల్లలు మాత్రం బూడిద పూసినట్టు మసకగా ఉంటాయి. యాసంగి పల్లి చేలలోనూ పెరట్లో పాకే అనుము తీగ మీదా దీన్ని చూడని ఇల్లు పాలమూరు వైపు ఉండదు. కుసుమ చేలలో కాడలను నల్లగా కప్పేసేది యూరోల్యూకాన్ కాంపోసిటే. మక్క సుడిలో చేరేది రోపలోసైఫమ్ మైడిస్. మిరప మీద గాసిపైతో పాటు మైజస్ పర్సికే కూడా వస్తుంది.

ఇక జిల్లేడు మీద, గన్నేరు మీద నిమ్మపండు రంగులో మెరిసే పేనుబంక ఏఫిస్ నీరియై. ఇది ఆ మొక్కల పాలలోని విషాన్ని తన ఒంట్లో దాచుకుంటుంది. చేను గట్టున జిల్లేడు మీది పసుపు గుంపు రేపు పత్తి మీదికి వస్తుందని భయపడి గట్టంతా తగలబెట్టినవారు ఉన్నారు. ఆ భయం అక్కర్లేదు, దానికి పత్తి పనికిరాదు.

రెండు మూడు కనిపించినవి వారం తిరిగేసరికి చేనంతా ఎలా నిండిపోతాయి?

మన వాతావరణంలో పేనుబంకకు మగ పురుగు అవసరం లేదు. ఆడ పురుగు జతకట్టకుండానే పిల్లలను కంటుంది, గుడ్లు పెట్టదు. పుట్టే పిల్లలన్నీ ఆడవే, తల్లికి జన్యుపరంగా నకళ్లే. తల్లి కడుపులో ఉన్న పిల్ల కడుపులో అప్పటికే దాని పిల్లలు రూపు దిద్దుకుంటూ ఉంటాయి, అంటే ఒకే పురుగులో మూడు తరాలు ఉంటాయి. వెచ్చగా ఉంటే పుట్టిన వారం రోజుల్లోపే పిల్ల తల్లి అవుతుంది. చలిదేశాల్లో శీతాకాలానికి ముందు మగ పురుగులు పుట్టి, జతకట్టిన ఆడవి గుడ్లు పెడతాయి. దక్షిణ తెలంగాణలో ఆ అవసరం రాదు, ఏడాది పొడవునా ఆడ సంతతే సాగుతుంది.

గుంపు ఎక్కువైనా, మొక్క ముదిరినా కొన్ని పిల్లలు రెక్కలతో పుట్టి గాలితో పాటు కొత్త చేలకు పోతాయి. ఏప్రిల్, మే నెలల ఎండకు సంఖ్య బాగా పడిపోతుంది. పెద్ద వాన కూడా వాటిని కడిగేస్తుంది. మబ్బు పట్టిన చల్లని రోజులు వరుసగా వస్తే మాత్రం జాగ్రత్తపడాలి.

బీటీ పత్తి వేశాం, అయినా పేనుబంక ఎందుకు వస్తోంది?

బీటీ విత్తనంలోని విషం కాయతొలిచే పురుగుల కోసం ఉద్దేశించినది. రసం పీల్చే పురుగుల మీద అది పనిచేయదు.

ఆకు అడుగున కొన్ని పేనులు ఉబ్బి, గోధుమ రంగుకు తిరిగి, కదలకుండా ఉన్నాయి. అవి మందుకు చచ్చినవేనా?

కావు. మందుకు చచ్చిన పురుగు ముడుచుకుపోయి రాలిపోతుంది. ఆకుకు అతుక్కొని, గుండ్రంగా ఉబ్బి, ఎండు గడ్డి రంగులో కాగితంలా గట్టిపడిన పురుగు లోపల ఒక కందిరీగ పిల్ల పెరుగుతోందని అర్థం. శాస్త్రవేత్తలు ఈ దశను మమ్మీ అంటారు.

దీని వెనుక కథ పది పన్నెండు రోజుల క్రితం మొదలవుతుంది. రెండు, మూడు మిల్లీమీటర్ల పొడవున్న నల్లటి సన్నని కందిరీగ పేనుబంక గుంపులోకి నడిచి వచ్చి, మీసాలతో ఒక్కొక్క పురుగును తట్టి చూస్తుంది. నచ్చినదాని ఎదుట కాళ్లు నిలదొక్కుకుని, తన పొట్టను కాళ్ల మధ్య నుంచి ముందుకు వంచి, తల కంటే ముందుకు చాచి, సూదితో ఒక్క పోటు పొడుస్తుంది. రెప్పపాటులో ఒక గుడ్డు లోపలికి చేరుతుంది. పొడిపించుకున్న పేనుబంక కాలు విదిలిస్తుంది, ఒక్కోసారి గొట్టాల నుంచి ఆ మైనపు చుక్కను వదులుతుంది, తర్వాత ఏమీ జరగనట్టు మళ్లీ రసం పీల్చుకుంటుంది. రెండు మూడు రోజుల్లో గుడ్డు పగిలి లార్వా బయటికి వస్తుంది. ముందు ఒంట్లోని ద్రవాలతో సరిపెట్టుకుని, ప్రాణానికి అవసరమైన భాగాలను చివరికి ఉంచుకుంటుంది. అన్నీ తినేశాక అడుగున చర్మాన్ని చీల్చి, పట్టుదారంతో పేనుబంక పెంకును ఆకుకు అంటించి, ఆ పెంకులోనే గూడు అల్లుకుని ప్యూపాగా మారుతుంది. చివరికి ఎదిగిన కందిరీగ పెంకు వెనుక భాగంలో గుండ్రటి మూత కోసి బయటికి వస్తుంది. ఆ మూత చాలాసార్లు ఒక పక్క అతుక్కుని వేలాడుతూ భూతద్దంలో కనిపిస్తుంది.

గుడ్డు పడిన ప్రతి పేనుబంకా ఇలా చావదు. బఠాణీ పేనుబంకలో కొన్నింటి ఒంట్లో హామిల్టనెల్లా డిఫెన్సా అనే బాక్టీరియా ఉంటుంది. ఆ బాక్టీరియాలో ఉండే వైరస్ ఒకటి విషాన్ని తయారు చేసి కందిరీగ పిల్లను చంపుతుంది.

ఈ కందిరీగలు మనుషులను కుడతాయా?

కుట్టవు. వాటి సూది పేనుబంక చర్మానికి సరిపడేంతే.

ఇవన్నీ ఒకే కుటుంబానికి చెందినవా?

ముఖ్యంగా రెండు కుటుంబాలవి. మొదటిది బ్రాకోనిడే కుటుంబంలోని ఏఫిడియినే ఉపకుటుంబం. ఇందులోని 500కు పైగా జాతులు పేనుబంకల్లో తప్ప మరే పురుగులోనూ పెరగవు. పైన వర్ణించిన వంగి పొడిచే పద్ధతి వీటిదే. మనకు సంబంధించిన ఏఫిడియస్, బైనోడాక్సిస్, లైపోలెక్సిస్, డయేరెటియెల్లా ప్రజాతులు (దగ్గరి జాతుల గుంపులు) ఇందులోకే వస్తాయి. రెండవది ఏఫెలినిడే కుటుంబం. ఇందులోని ఏఫెలైనస్ కందిరీగ మరీ చిన్నది, ఒక మిల్లీమీటరు దాటడమే గొప్ప. అది పొట్టను ముందుకు వంచదు. వెనక్కి తిరిగి, సూదిని వెనుక నుంచి గుచ్చి, చాలాసేపు అలాగే నిలబడుతుంది. కొన్నిసార్లు గుడ్డు పెట్టకుండా, గుచ్చిన చోట కారిన ద్రవాన్ని తాగి పోతుంది. దాని మమ్మీ అంతగా ఉబ్బదు, నల్లగా ఉంటుంది. కాబట్టి మమ్మీ గోధుమ రంగులో ఉందా, నల్లగా ఉందా అన్నది చూస్తేనే వర్గీకరణలో మొదటి మెట్టు ఎక్కినట్టు. అయితే ఏఫిడియినేలోని ఎఫెడ్రస్ మమ్మీలు కూడా నల్లగానే ఉంటాయి, అంతటితో తేల్చేయకూడదు.

విద్యార్థులు తడబడే చోటు ఒకటుంది. ఏఫిడిడే అంటే పేనుబంకల కుటుంబం, ఏఫిడియినే అంటే వాటిని తినే కందిరీగల ఉపకుటుంబం. పాత వ్యాసాల్లో ఆ ఉపకుటుంబాన్నే కుటుంబంగా లెక్కించి ఏఫిడియిడే అని రాసేవారు. ఒక్క అక్షరం జారితే తినేది తినబడేదైపోతుంది. పరీక్ష పేపర్లలోనే కాదు, అచ్చయిన పుస్తకాల్లోనూ ఈ పొరపాటు కనిపిస్తుంది.

కొన్ని మమ్మీలకు గుండ్రటి మూతకు బదులు చిరిగినట్టున్న రంధ్రం ఉంటుంది, ఎందుకు?

ఆ మమ్మీలోంచి వచ్చింది మొదటి కందిరీగ కాకపోవచ్చు. కందిరీగను తిని బతికే మరో కందిరీగ ఉంది. దాన్ని ఉపరి బదనిక అనవచ్చు. అల్లోక్సిస్టా ఆడ పురుగు బతికున్న పేనుబంకలోని కందిరీగ లార్వాలో గుడ్డు పెడుతుంది. పాకిన్యూరాన్, డెండ్రోసెరస్ వంటివి మమ్మీ తయారయ్యాక పైనుంచి పెంకును గుచ్చి లోపలి దానిపై గుడ్డు పెడతాయి. ఇవి బయటికి వచ్చే రంధ్రం అంచులు సాధారణంగా గరుకుగా, పళ్లు పళ్లుగా ఉంటాయి. పంట చివరి దశలో సేకరించిన మమ్మీల నుంచి అసలు కందిరీగ కంటే ఇవే ఎక్కువ రావడం మామూలే. వాటిని చూసి ఇదే పేనుబంకను చంపే మిత్ర పురుగు అని రాసేస్తే లెక్క తలకిందులవుతుంది.

అన్నీ ఆడవే, అన్నీ నకళ్లే అయితే పేనుబంకలో జాతి అన్న మాటకు అర్థం ఏమిటి?

ఈ పేజీలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రశ్న ఇదే. తమలో తాము జతకట్టి, సంతానోత్పత్తికి పనికివచ్చే పిల్లలను కనే జీవుల సమూహమే జాతి అని ఇంటర్మీడియట్‌లో చదువుకుంటాం. మన చేలలోని ఏఫిస్ గాసిపై అసలు జతే కట్టదు. ఆ నిర్వచనాన్ని పట్టుకుంటే ప్రతి ఆడ పురుగు వంశాన్నీ వేరే జాతి అనాలి, అది అర్థం లేని పని.

అందుకే వర్గీకరణ శాస్త్రవేత్తలు మూడు నాలుగు ఆధారాలను కలిపి చూస్తారు. మొదటిది ఆకారం: మీసాల్లోని ఖండాల పొడవుల నిష్పత్తి, గొట్టాల రూపం, తోక మీది వెంట్రుకల లెక్క. రెండవది ఆశ్రయించే మొక్క. మూడవది డీఎన్ఏ. ఇవి ఒకదానితో ఒకటి ఏకీభవించినప్పుడు సమస్య లేదు. ఏకీభవించనప్పుడే చిక్కు. ఏఫిస్ గాసిపైలో దోసజాతి మొక్కల మీద పెరిగే వంశాలు పత్తి మీద సరిగా బతకవు, పత్తి వంశాలు దోస మీద బతకవు అని పరిశోధనల్లో తేలింది. ఆకారంలో తేడా పట్టుకోవడం దాదాపు అసాధ్యం. వీటిని రెండు జాతులు అనాలా, ఒకే జాతిలో రెండు ఆశ్రయ తెగలు అనాలా? ప్రస్తుతం తెగలు అనే అంటున్నారు. చేను పక్కన పుచ్చ తోట వేసిన రైతుకు ఈ వాదన పనికిరానిదిగా అనిపించవచ్చు కాని, పుచ్చ మీద ఉన్న పేనుబంక పత్తికి ఎక్కుతుందా లేదా అన్న ప్రశ్నకు జవాబు ఈ వాదనలోనే ఉంది.

కందిరీగల్లో ఈ ఇబ్బంది తక్కువ. వాటిలో మగవి, ఆడవి రెండూ ఉంటాయి. ఫలదీకరణం జరగని గుడ్డు నుంచి మగది, జరిగిన గుడ్డు నుంచి ఆడది పుడుతుంది.

శాస్త్రీయ నామం ఎలా పెడతారు, పక్కన మనిషి పేరు, సంవత్సరం ఎందుకు?

జంతువుల పేర్లన్నిటికీ అంతర్జాతీయ జంతు నామకరణ నియమావళి వర్తిస్తుంది. ఇప్పుడు అమల్లో ఉన్న నాలుగవ కూర్పు 2000 జనవరి 1 నుంచి పనిచేస్తోంది. లెక్క మొదలయ్యేది 1758 జనవరి 1 నుంచి, అంటే స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ గ్రంథం పదవ కూర్పు వచ్చిన ఏడాది నుంచి. అంతకు ముందు పెట్టిన పేర్లకు, 1757లో వచ్చిన ఒక సాలీళ్ల పుస్తకంలోనివి తప్ప, గుర్తింపు లేదు. పేరులో రెండు మాటలుంటాయి: మొదటిది ప్రజాతి, రెండవది జాతి. ఆ పేరుతో పాటు జాతి వర్ణన అచ్చు కావాలి, ఏ ఒక్క నమూనా ఆధారంగా ఆ పేరు పెట్టారో ఆ నమూనాను, అంటే హోలోటైపును, ప్రకటించాలి. 2012 నుంచి ఆన్‌లైన్ పత్రికల్లో ప్రచురించినా చెల్లుతుంది, కాకపోతే జూబ్యాంక్ అనే అధికారిక పట్టికలో ముందు నమోదు కావాలి.

పేరు పక్కన ఉండే మనిషి దాన్ని తొలిసారి ప్రచురించినవారు. ఏఫిస్ గాసిపై గ్లోవర్, 1877 అంటే గ్లోవర్ 1877లో ఏఫిస్ ప్రజాతిలోనే దాన్ని పెట్టారు, ఇప్పటికీ అక్కడే ఉంది. మైజస్ పర్సికే (సుల్జర్, 1776) అన్నప్పుడు కుండలీకరణాలకు అర్థం ఉంది: సుల్జర్ దాన్ని ఏఫిస్‌లో పెట్టారు, తర్వాతి వారు మైజస్‌కు మార్చారు. పత్రికల్లో అచ్చుపనివారు అందం కోసం ఆ కుండలీకరణాలను తీసేయడం, లేనిచోట పెట్టడం చూస్తుంటాం. అది అలంకారం కాదు, చరిత్ర.

మన దేశంలో పత్తి, బొబ్బర్ల పేనుబంకల్లో పెరిగే ఒక ముఖ్యమైన కందిరీగ బైనోడాక్సిస్ ఇండికస్ (సుబ్బారావు, శర్మ, 1958). వారు దాన్ని ట్రయోక్సిస్‌గా వర్ణించారు కాబట్టి కుండలీకరణాలు వచ్చాయి. ఆడ కందిరీగ పొట్ట చివర అడుగున ముందుకు వంగిన రెండు కొమ్ములు ఉంటాయి. వాటితో పేనుబంకను ఒడిసి పట్టి గుడ్డు పెడుతుంది. సూక్ష్మదర్శినిలో ఆ కొమ్ములు కనిపిస్తే ఏఫిడియస్ కాదని వెంటనే తేలిపోతుంది.

కొత్త జాతి దొరికితే నా పేరు పెట్టుకోవచ్చా?

నియమావళి నిషేధించలేదు, కాని ఎవరూ హర్షించరు. ఇతరుల పేరు పెట్టడం మాత్రం మామూలే. మైసూరులో పనిచేసిన కీటక శాస్త్రవేత్త కోల్మన్ పేరు మీద, దక్కన్ జొన్న చేలను తినే రెక్కలు లేని మిడతకు కోల్మానియా అన్న ప్రజాతి నామం పెట్టారు.

పేర్లు పదే పదే ఎందుకు మారుస్తారు? ఒకసారి పెట్టింది ఉంచవచ్చు కదా?

ఈ ఫిర్యాదు న్యాయమైనదే. కారణాలు ముఖ్యంగా మూడు రకాలు.

ఒకటి, బంధుత్వం గురించిన అవగాహన మారడం. నిమ్మజాతి చెట్ల లేత చివుళ్ల మీద చేరే ముదురు గోధుమ పేనుబంకను, ట్రిస్టెజా అనే తెగులు వైరస్‌ను చెట్టు నుంచి చెట్టుకు మోయడంలో అన్నిటికంటే సమర్థమైనదాన్ని, కిర్కాల్డీ 1907లో మైజస్ ప్రజాతిలో పెట్టారు. తర్వాత చాలా దశాబ్దాలు అది టాక్సాప్టెరాగా చెలామణీ అయింది, బత్తాయి మీద వచ్చిన పాత కరపత్రాలన్నిటిలో ఆ పేరే ఉంటుంది. డీఎన్ఏ పరిశీలనల తర్వాత టాక్సాప్టెరాను ఏఫిస్‌లో ఉపప్రజాతిగా కలిపేశారు. పురుగు మారలేదు, బత్తాయి మారలేదు, చిరునామా మారింది.

రెండు, ఇన్నాళ్లూ ఒకటనుకున్నవి రెండుగా తేలడం. అమెరికాలో 2013 నుంచి జొన్న పంటను దెబ్బతీసిన పేనుబంకను మెలనాఫిస్ సాకరై, అంటే చెరకు పేనుబంక, అని పిలిచేవారు. 2021లో వెలువడిన పరిశోధన ఆకారాన్నీ డీఎన్ఏనూ కలిపి చూసి, అది 1904లో థియోబాల్డ్ పెట్టిన మెలనాఫిస్ సోర్గై అని నిర్ధారించింది. ఆవాల పేనుబంక కథ కూడా ఇలాంటిదే: మన పుస్తకాల్లో లైపాఫిస్ ఎరిసిమి అని రాస్తాం, ఉష్ణ దేశాల పంటల మీద ఉన్నది లైపాఫిస్ సూడోబ్రాసికే అని ఇప్పుడు నిపుణుల అభిప్రాయం.

మూడవది వ్యాకరణం. జాతి నామం విశేషణమైతే ప్రజాతి నామం లింగాన్ని బట్టి చివరి అక్షరాలు మారాలి. పేనుబంకను తినే మన అక్షింతల పురుగు ఒకటి మీనోకైలస్ సెక్స్‌మాక్యులేటస్‌గా ఉన్నది, ప్రజాతి మారాక కైలోమెనస్ సెక్స్‌మాక్యులేటా అయింది. దీని మీద నాకు పెద్దగా గౌరవం లేదు. లాటిన్ తెలియని లోకంలో లాటిన్ లింగం కోసం పట్టికలన్నీ తిరగరాయడం అవసరమా అని చాలామంది అడుగుతున్నారు. నియమం ఉన్నంతవరకు పాటించక తప్పదు.

పేరు తప్పయితే రైతుకు వచ్చే నష్టం ఏమిటి?

కందిరీగ మనకంటే నిక్కచ్చిగా జాతిని గుర్తిస్తుంది, నష్టం అక్కడే వస్తుంది. పాలీహౌస్‌లలో విడుదల చేయడానికి చాలా దేశాల్లో అమ్మే ఏఫిడియస్ కోల్మనై, ఏఫిస్ గాసిపై మీదా మైజస్ పర్సికే మీదా బాగా పనిచేస్తుంది. పెద్దగా, పొడవు కాళ్లతో ఉండే మాక్రోసైఫమ్ యుఫోర్బియే అనే పేనుబంక ఉన్నచోట దాన్ని వదిలితే ఫలితం ఉండదు, అక్కడ ఏఫిడియస్ ఎర్వై కావాలి. పేనుబంక జాతి తెలియకుండా కందిరీగను కొనడం డబ్బు పారేసుకోవడమే.

ఆ ఏఫిడియస్ కోల్మనై పేరు కూడా ఒక పాఠమే. వియరెక్ 1912లో ఆ పేరు పెట్టారు. ప్లాటెన్సిస్, ట్రాన్స్‌కాస్పికస్ అనే మరో రెండు పేర్లు కూడా దీనివేనని 1975లో స్టారీ వాటిని ఇందులో కలిపారు. అప్పటి నుంచి ప్రపంచమంతా వచ్చిన ఆశ్రయ పురుగుల (అంటే అది ఏ పేనుబంకల్లో పెరుగుతుందో ఆ పురుగుల) జాబితాలన్నీ ఒకే పేరు కింద చేరాయి. 2014లో తొమనోవిచ్ బృందం ఆ మూడూ వేర్వేరు జాతులేనని చూపింది. దాంతో ఆ మధ్య నలభై ఏళ్లలో కోల్మనై పేరుతో అచ్చయిన ప్రతి వాక్యాన్నీ, అది ఏ జాతి గురించో అని మళ్లీ అడగాల్సి వస్తోంది. నమూనాలు భద్రపరిచిన పరిశోధకుల వాక్యాలను సరిదిద్దుకోవచ్చు, పారేసిన వారివి సరిదిద్దడానికి దారి లేదు.

ఇంకో ఉదాహరణ: ఫ్లోరిడాలో నిమ్మజాతి పేనుబంక కోసం 2000లో గువామ్ దీవి నుంచి తెచ్చి వదిలిన కందిరీగను లైపోలెక్సిస్ స్కుటెల్లారిస్ అన్నారు, అది లైపోలెక్సిస్ ఒరెగ్మే అని తర్వాత తేలింది. విడుదల జరిగాక పేరు మారడం కంటే ముందే సరిగా చూసుకోవడం మేలు.

డీఎన్ఏ బార్‌కోడ్ తీస్తే ఒక్క రోజులో తేలిపోదా?

మైటోకాండ్రియాలోని సీఓఐ అనే జన్యువులో దాదాపు 650 అక్షరాల ముక్కను చదివి పోల్చే పద్ధతి 2003 నుంచి ప్రచారంలోకి వచ్చింది. మంచి సాధనమే. మమ్మీ లోపల ఉన్న కందిరీగ లార్వాను కూడా దీనితో గుర్తించవచ్చు, ఆకారంతో అది కుదరదు. అయితే పోల్చడానికి దాచి ఉంచిన డీఎన్ఏ అక్షరాల వరుస సరైన పేరుతో ఉన్నప్పుడే ఫలితం సరైనది అవుతుంది. ఉమ్మడి భాండాగారాల్లో తప్పు పేరుతో నమోదైన వరుసలు తక్కువేమీ కావు. కంప్యూటరు చూపించిన పేరును నమ్మే ముందు ఆ వరుస ఏ నమూనా నుంచి వచ్చిందో, దాన్ని ఎవరు గుర్తించారో చూడండి.

మమ్మీలు కనిపించినప్పుడు మందు కొట్టాలా, ఆపాలా?

పది మొక్కల్లో లేత ఆకుల అడుగు భాగం చూడండి. మమ్మీలు అక్కడక్కడా కనిపిస్తూ, అక్షింతల పురుగు పిల్లలు కూడా తిరుగుతుంటే ఓ వారం ఆగి మళ్లీ చూడటం మంచిది. లెక్కకు అందే మమ్మీల కంటే ఇంకా మమ్మీ కాని, లోపల గుడ్డున్న పేనుబంకలే ఎక్కువ ఉంటాయి. మమ్మీ పెంకులో ఉన్నదానికి మందు నుంచి కొంత రక్షణ ఉంటుంది, బయట తిరిగే కందిరీగకు ఏ రక్షణా లేదు. పత్తి చుట్టూ బొబ్బర్లు నాలుగు సాళ్లు వేస్తే వాటి మీది పేనుబంకలో కందిరీగలు ముందుగా పెరుగుతాయి. బొప్పాయి, మిరప వంటి పంటల్లో మాత్రం వైరస్ భయం ఉంటుంది కాబట్టి ఓపిక పట్టే ముందు పాలెం, కంపసాగర్ వంటి దగ్గరి పరిశోధన స్థానాల్లోని శాస్త్రవేత్తలను అడగండి.

గుర్తింపు కోసం నమూనాలు ఎలా సేకరించాలి, ఎక్కడికి పంపాలి?

మమ్మీలు ఉన్న ఆకును చిన్న ముక్కగా కత్తిరించి గాజు గొట్టంలో వేసి, మూతికి దూది బిగించండి. మూత బిగుతుగా పెడితే లోపల చెమ్మ పట్టి బూజు వస్తుంది. ఒక గొట్టంలో ఒకే మొక్క, ఒకే రకం పేనుబంక ఉండాలి. రెండు వారాల్లోపు కందిరీగలు వస్తాయి. రోజూ చూసి, వచ్చినవాటిని 95 శాతం ఆల్కహాలులోకి మార్చండి. వాటితో పాటు అదే గుంపులోని బతికున్న రెక్కలు లేని ఎదిగిన పేనుబంకలను పది దాకా వేరే సీసాలో ఆల్కహాలులో వేయాలి. ఇది మరిచిపోయేవారే ఎక్కువ. కందిరీగ ఉండి పేనుబంక లేకపోతే సగం సమాచారమే దక్కుతుంది. ఖాళీ మమ్మీ పెంకులను కూడా ఉంచండి, రంధ్రం అంచును బట్టి వచ్చింది ఏదో చెప్పవచ్చు.

గుర్తింపు కోసం బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ, ఢిల్లీలో భారతీయ వ్యవసాయ పరిశోధన సంస్థలోని పూసా జాతీయ కీటక సంగ్రహం, 1916 నుంచి ఉన్న భారతీయ జంతు సర్వే వంటివి ఉన్నాయి. నేరుగా పార్శిల్ పంపే ముందు రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయం కీటక శాస్త్ర విభాగం ద్వారా వెళ్లడం సులువు.

లేబుల్‌ను పెన్సిలుతో మందపాటి కాగితం మీద రాసి సీసా లోపలే వేయాలి. బాల్‌పెన్ సిరా ఆల్కహాలులో కరిగిపోతుంది. మొక్క పేరు, తేదీ, సేకరించినవారి పేరు, ఊరు, మండలం రాయండి. జిల్లా పేరు ఒక్కటే రాస్తే చాలదు. 2016 అక్టోబరుకు ముందు మహబూబ్‌నగర్ జిల్లా అని రాసిన నమూనా ఇప్పటి వనపర్తిదో, నాగర్‌కర్నూలుదో, గద్వాలదో ఎవరూ చెప్పలేరు. నల్లగొండ అని రాసింది సూర్యాపేటదైనా కావచ్చు, భువనగిరిదైనా కావచ్చు. ఫోనులో కనిపించే అక్షాంశ రేఖాంశాలను నాలుగు దశాంశ స్థానాల వరకు రాసి ఉంచండి, జిల్లా సరిహద్దులు ఎన్నిసార్లు మారినా ఆ చేను దొరుకుతుంది.